మాఫీ అన్న మాట

నా చిన్నప్పుడు మా బాపు పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. పోలీసు చర్య తరువాతి రోజులవి. కమ్యూనిస్టు దళం వాళ్లకు ఒక పూట అన్నం పెట్టాడని పోలీసులు పట్టుకుపోయారు. ఆ సంగతి బయటపెట్టింది మా మామే, మేము అవ్వ అని పిలిచే మా అమ్మకు సొంత తమ్ముడు.

ఒకరోజు మెట్‌పల్లిలోని మా ఇంటికి ఉర్దూ కాగితం వచ్చింది. పక్కింటి మౌల్సాబు తాత అది చదివి, "మాఫీ అయింది బిడ్డా, నీ పెనిమిటి వస్తుండు" అన్నాడు. అవ్వ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఆ కొత్త మాట మీదే ధ్యాస.

బాపు వచ్చాడు, మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. మామ ఊసు మాత్రం ఎత్తనివ్వలేదు. మామ ఇల్లు మా వాడలోనే ఉన్నా, అవ్వ ఆ వైపు తల తిప్పడానికే భయపడేది.

ఒక మధ్యాహ్నం మౌల్సాబు తాత మా అరుగు మీద కూర్చున్నాడు. మాఫీ అంటే ఏమిటని అడిగాను. దుమ్ములో నా పేరు రాయమన్నాడు. రాశాను. అరచేత్తో చెరిపేశాడు.

"గిప్పుడేమున్నది?"

"ఏం లేదు."

"గదే మాఫీ. అరబ్బీల పుట్టిన మాట. గాలికి ఇసుకల అడుగులు చెరిగిపోతే గా మాటనే అంటరు. సర్కారు మీ బాపు మీది కేసును గట్ల చెరిపింది."

నేను లోపలికి పరుగెత్తి, "బాపూ, సర్కారు నీది చెరిపిందట. మరి మామది ఎవరు చెరపాలె?" అన్నాను.

మగ్గం ఆగింది. పొయ్యి దగ్గర అవ్వ కదలలేదు. దెబ్బలు తప్పవనుకున్నాను. బాపు మళ్లీ మగ్గం ఆడించాడు.

సాయంత్రం అంగీ తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని మామ ఇంటికి నడిచాడు. అన్నం తింటున్న మామ ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"నన్ను మస్తు కొట్టిన్రు బావా, ఓర్సుకోలేక చెప్పిన."

"ఎర్కే. ముందుగాల తిను" అని బాపు ఎదురుగా పీట వాల్చుకున్నాడు. అత్త ఆయనకూ అన్నం పెట్టింది. ఇద్దరూ కలిసి తిన్నారు.

మాఫీ అన్న మాట బాపు నోట నేనెన్నడూ వినలేదు. తరువాత పత్రికల్లో క్షమాభిక్ష అనే మాట చూశాను. అందులోని భిక్ష నాకెందుకో నచ్చలేదు. ఇప్పటికీ ఎవరినైనా క్షమించాననిపిస్తే, వాళ్లింట కూర్చుని నాలుగు ముద్దలు తినగలనా అని నన్ను నేను అడిగి చూసుకుంటాను. చాలాసార్లు ఇంకా తినలేననే జవాబు వస్తుంది.