బోణీ మచ్చ

చింతామణిలో మా బట్టల అంగడి చూసుకునేది పెదనాన్న. ఆయన ఎడమకంటి కింద పుట్టుకతో వచ్చిన నల్లమచ్చ ఉండేది, చింతగింజంత. అది అదృష్టమచ్చ అని వీధంతా నమ్మకం. కూరగాయల గంపల వాళ్ళు ఆయన బోణీ చేసేదాకా ఎవరికీ అమ్మేవాళ్ళు కారు. దారికి అడ్డం నిలబడి వంకాయలైనా కొనిపించేవాళ్ళు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు వంకాయ కూరే.

అరవై దాటాక, ఏ ఏడో గుర్తులేదు, ఆ మచ్చ పెరగసాగింది. రెప్ప దాకా పాకి, ఒక పక్క ఉబ్బింది.

"కళ పెరగతా ఉండాది," అని మా అవ్వ సంతోషపడింది.

దాన్ని దగ్గరగా చూసే మనిషి ఒక్కడే. వారానికోసారి మా అరుగు మీద పెదనాన్నకు గడ్డం గీసే ముసలాయన. ఒకరోజు కత్తి ఆపేశాడు.

"ఇన్నేండ్లుగా ఈ మచ్చ పక్కనే నా కత్తి తిరగతా ఉండాది. ఇంత దూరం యాపొద్దూ రాలేదప్పా. డాక్టరుకు చూపించుకోండి."

"నీ కత్తి మొద్దుబారితే నా మచ్చ మీద నెపం పెడతావేమప్పా?" అని పెదనాన్న నవ్వాడు.

మరుసటి వారం, పెదనాన్న ముఖం తడుపుకుంటుండగానే మచ్చ నుంచి రక్తం కారింది. అవ్వ బయటికి వచ్చి చూసింది.

"మా అదృష్టాన్ని కోసినావు కదరా! ఇంక మా గడప తొక్కొద్దు."

కత్తి ఇంకా పొదిలోనే ఉంది. అది పెదనాన్నకు తెలుసు. పక్కనే పేపరు చదువుతున్న నాకూ తెలుసు. ఇద్దరం మాట్లాడలేదు. ముసలాయన పొది చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పుండుకు నాలుగు నెలలు పసుపు అద్దారు. మానలేదు. చిక్కబళ్ళాపురం డాక్టరు చూసీ చూడగానే బెంగళూరుకు పంపాడు. అక్కడ రాచపుండన్నారు. మచ్చతోపాటు కన్నూ తీసేశారు. ముందే వచ్చి ఉంటే కన్ను దక్కేదేమో అన్నారు.

తిరిగొచ్చాక గంపల వాళ్ళు ఆయనకు అడ్డం నిలబడలేదు. ఆయన రాకముందే బేరాలు మొదలయ్యేవి.

ఒక ఉదయం పెదనాన్న నన్ను వెంటబెట్టుకుని ముసలాయన ఇంటికి వెళ్ళాడు.

"ఆ పొద్దు కత్తి పొదిలోనే ఉండెనని నేను చెప్పుండాల."

"చెప్పినా మీ అమ్మ నమ్మేది కాదులే అప్పా. తల తిప్పండి."

నురగ రాసి గీస్తూ పోతుంటే, ఎడమ చెవి ముందు ముసలాయన వేలు ఆగింది. మళ్ళీ అక్కడే తడిమింది. పెదనాన్న ఈసారి నవ్వలేదు.

"గడ్డ ఉండాదా?"

"ఉండాదప్పా."

"బెంగళూరు బస్సు ఎన్నింటికి?" అని నన్నడిగాడు. సగం గీసిన గడ్డం తుడుచుకుని లేవబోతే, ముసలాయన భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఇది ముగించి పోదురుగానీ. నేనూ వస్తా."