మా ఓడ ప్రయాణం మార్చమన్నదెవరు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో నా ఉద్యోగం. మైక్రోస్కోపు కింద కనిపించింది రాయడం, కనిపించనిది రాయకపోవడం అలవాటైపోయిన మనిషిని. మా పుట్టింట్లో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే దిష్టి తీసి తాయెత్తు కట్టించేవాళ్లు. ముందు రక్తం తీయించండి అని నేను పోట్లాడేదాన్ని. ఇది చదివి మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను. ఇదే సంగతి ఇంకెవరైనా చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్ని.

మా ఆయన పేరు డేవిడ్. లిఫ్టుల కంపెనీలో సర్వీసు పని. సికింద్రాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్లలో ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా ఆయనకే ఫోన్ వచ్చేది. రోజంతా ఆ లిఫ్టుల ఇరుకు సందుల్లో, గ్రీజు వాసనలో గడిపే మనిషి. ఎప్పటికైనా ఓడెక్కి సముద్రం మధ్యకు వెళ్లాలని కోరిక. మాకు పిల్లలు లేరు. ఖర్చు పెట్టుకుంటే అడిగేవాళ్లు కూడా లేరని, ఒకరోజు నన్ను బేగంపేట తీసుకెళ్లి, ముంబయి నుంచి లక్షద్వీప్ వెళ్లే ఓడలో ఇద్దరికీ ఒక గది బుక్ చేయించి డిపాజిట్ కట్టాడు.

ఆ ట్రావెల్స్ ఆఫీసు నరేష్ అనే అతనిది. మెట్ల కింద చిన్న గది, రెండు కుర్చీలు. ఓడ లోపలి వైపు గది చవకగా దొరుకుతుంది గానీ దానికి కిటికీ ఉండదని ముందే చెప్పాడు. మా ఆయన ఆలోచించనైనా లేదు.

"గదిలో ఎవడుంటడు భాయ్? నేనైతే పొద్దంత పైన్నే ఉంట," అన్నాడు.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. డేవిడ్‌కి ఒక్కతే అక్క, పేరు కరుణ. అమ్మానాన్నలు తొందరగా పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. మెట్టుగూడలో టీచరుగా చేసి రిటైరైంది, పెళ్లి చేసుకోలేదు. మాది రిజిస్టర్ పెళ్లి. నాది బోయిగూడలో హిందువుల ఇల్లు, వాళ్లది తరతరాల చర్చి కుటుంబం. మా వాళ్లు కొన్నాళ్లు అలిగి సర్దుకున్నారు. వదిన సర్దుకోలేదు. మా గడప తొక్కలేదు, నాతో మాట్లాడలేదు. క్రిస్మస్‌కి డేవిడ్ ఒక్కడే వెళ్లి వచ్చేవాడు. వచ్చాక ఆ పూటంతా మాటలుండేవి కావు.

వానాకాలంలో ఆయనకు జ్వరం పట్టుకుంది. మామూలుదే అనుకున్నాం. నిమోనియా అయింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. రెండు ఊపిరితిత్తులూ నిండిపోయాయన్నారు. గొంతులో గొట్టం వేసి, మత్తులో ఉంచి, వెంటిలేటరు మీద పెట్టారు. ఆ తర్వాత ఆయన కళ్లు తెరవలేదు.

ఐసీయూ బయట వరండాలో ఒక చివర బెంచీ మీద నేను, ఇంకో చివర బైబిలు పట్టుకుని వదిన. అన్ని రోజులూ అట్లాగే కూర్చున్నాం. డాక్టరు బయటికొచ్చి విషయం నాకు ఒకసారి, ఆవిడకు ఒకసారి విడివిడిగా చెప్పాల్సి వచ్చేది. డేవిడ్ ఫోను నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయినా నేను పట్టించుకోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఒక మధ్యాహ్నం డేవిడ్ పోయాడు. సమాధి దగ్గర కూడా నేనూ వదినా చెరోపక్క నిలబడ్డాం.

మళ్లీ ల్యాబ్‌కి వెళ్లడం మొదలుపెట్టిన రోజుల్లో నరేష్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఓడ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను.

"మేడమ్, మీ ఓడ పాత సెయిలింగ్ మీదున్న డిపాజిట్ ఇంకో తారీకు సెయిలింగ్‌కు మార్చిన. అంతా ఓకే అయింది. మీ వదినగారి ఆధార్ కాపీ ఒక్కటి పంపిస్తే అయిపోతది."

ఏ వదిన అని అడిగాను.

"కరుణ మేడమ్. సార్ చెప్పిన్రు కద, ఆయన పేరు తీసేసి వాళ్లక్క పేరు పెట్టుమని."

డేవిడ్ పోయాడని చెప్పాను. అతను "అయ్యో" అని, ఏం చేయాలో తోచనట్టు ఫోన్ పెట్టేశాడు.

నాకు మొదట వచ్చింది కోపం. ఇది వదిన పనే అనుకున్నాను. తమ్ముడు డబ్బు కట్టిన ఓడ ప్రయాణం కూడా తనకే కావాలా అనిపించింది. ఆ సాయంత్రమే మెట్టుగూడ వెళ్లి, అంతవరకూ ఎక్కని ఆ ఇంటి మెట్లు ఎక్కాను. తలుపు తీసిన మనిషిని చూస్తే సగం కోపం చల్లారింది. వదిన బాగా చిక్కిపోయింది. డేవిడ్ పాత స్వెట్టరు వేసుకుని ఉంది.

అయినా అడిగేశాను. "నా వెనక నా టికెట్లు ఎందుకు మార్పించావు వదినా?"

"ఏ టికెట్లు?" అంది. నేను చెప్పింది విని ఆవిడకూ కోపం వచ్చింది. "నేను వాడి సొమ్ము ముట్టుకుంటానా? నువ్వే నా పేరు ఇచ్చి ఉంటావు. నామీద జాలి పడుతున్నావా?"

ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. ఇన్నేళ్లలో మేము మాట్లాడుకోవడం అదే మొదటిసారి. చివరికి ఆ నరేష్‌నే ఎదురుగా అడుగుదాం అనుకున్నాం. మర్నాడు మెట్రో ఎక్కి బేగంపేట వెళ్లాం. సీట్లు ఖాళీగానే ఉన్నాయి గానీ వదిన తలుపు దగ్గర నిలబడే వచ్చింది. ఎందుకో నేను అడగలేదు.

నరేష్ మమ్మల్ని కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మా పాత సెయిలింగ్‌ని కంపెనీ రద్దు చేసిందట; దాన్ని వేరే దానికి మార్చుకోవడానికి గడువు, అతను కాగితంలో చూపించిన తేదీతో ఆఖరు. దాటితే డిపాజిట్ పోతుంది. కొత్త సెయిలింగుల వివరాలు కంపెనీ ఆ పొద్దునే పంపింది. నాకు ఫోన్ చేద్దామని అతను అనుకుంటూ ఉండగానే, బల్ల మీది పాత ల్యాండ్‌లైను మోగింది.

"సారే. గొంతు నాకు తెల్వదా మేడమ్? భాయ్ అని పిలుస్తరు కద. డిపాజిట్ పోనియ్యకు, చలికాలం సెయిలింగ్‌కు మార్చు, నేను రాలేను, నా జాగల మా అక్క పేరు పెట్టు అన్నరు. ఇంకోటి సుత చెప్పిన్రు. లోపటి గది వద్దు, సముద్రం దిక్కు తలుపు తెరుచుకునే గది తియ్యి, మా అక్కకు మూసిన గదిల ఊపిరాడదు అన్నరు."

పక్కన వదిన చేతిలోని బ్యాగు కిందపడింది. తీయలేదు.

"ఆరోజు మా ఆయన వెంటిలేటరు మీద ఉన్నారు," అన్నాను.

నరేష్ బల్ల మీది ల్యాండ్‌లైను వైపు చూశాడు. "నాకేం తెల్సు మేడమ్? మంచిగ మాట్లాడిన్రు. ఎన్కనుంచి గాలి సప్పుడు మస్తు వస్తుండె. యాడున్నరు సార్ అని అడిగిన. బయటున్న భాయ్ అని నవ్విన్రు సుత."

నాకు తోచిన దారులన్నీ వెతికాను. డేవిడ్ జబ్బు పడకముందే చెప్పి ఉంటాడేమో అనుకున్నాను. కొత్త సెయిలింగ్ వివరాలు వచ్చిందే ఆయన మత్తులోకి వెళ్లాక. ఆయన ఫోను ఆగిపోయి నా బ్యాగులోనే ఉంది. ఎవరైనా ఆయన గొంతు అనుకరించారేమో అనుకుని ఆయనతో పనిచేసేవాళ్లను అడిగాను. ఆయనకు అక్క ఉన్నట్టే వాళ్లలో సగంమందికి తెలియదు. ఐసీయూ డాక్టర్ని కూడా అడిగాను. గొంతులో గొట్టం ఉన్న మనిషి గుసగుసగా కూడా మాట్లాడలేడమ్మా అన్నాడు. అది నాకూ తెలుసు. అయినా అడిగాను. నరేష్ అబద్ధం చెప్పాడా అంటే, అతనికి వదిన ఊపిరాడని సంగతి ఎట్లా తెలుస్తుంది? నాకే తెలియదు.

ఆ సంగతి వదిన తిరుగు మెట్రోలో చెప్పింది. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడుతూ పెద్ద ట్రంకు పెట్టెలో దాక్కుందట. మూత గడియ పడిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. చిన్నవాడైన డేవిడే వెతుక్కుంటూ వచ్చి తీశాడు. అమ్మ కొడుతుందని ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. పెద్దయ్యాక ఆవిడా చెప్పుకోలేదు, డేవిడ్ నాకు కూడా చెప్పలేదు.

"ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు. వాడికి అప్పుడు నోరు కూడా సరిగ్గా తిరగదు," అని వదిన కొంగుతో ముఖం కప్పుకుంది. చుట్టూ జనం చూస్తున్నారు. నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. తోసెయ్యలేదు.

మేము వెళ్లకూడదనే అనుకున్నాం. డేవిడ్ లేకుండా ఓడేమిటి, విహారమేమిటి? అయితే తను రాలేనని తెలిసీ ప్రయాణం ఆపవద్దన్నవాడి మాట కాదనడానికి ఇద్దరికీ మనసు రాలేదు. చలికాలంలో రైలెక్కి ముంబయి వెళ్లి ఓడెక్కాం.

ఓడలో వింతలేమీ జరగలేదు. ఎవరూ కనిపించలేదు, ఏ చప్పుడూ వినిపించలేదు. చుట్టూ కొత్త జంటలు, పిల్లల గోల, పాటలు. ఆ హడావిడి మధ్య మేమిద్దరం పెళ్లింట్లో తప్పిపోయిన చుట్టాల్లా తిరిగాం. భోజనాల దగ్గర ఒకరికొకరం వడ్డించుకున్నాం. వదిన సముద్రం వైపు తలుపు తెరిచిపెట్టి, దుప్పటి కప్పుకుని కూర్చునేది. చిన్నప్పటి డేవిడ్ గురించి ఆవిడ చెప్పేది, నాకు తెలిసిన డేవిడ్ గురించి నేను చెప్పేదాన్ని. ఒక్క మనిషినే చెరిసగం దాచుకుని ఇన్నేళ్లూ గడిపామని అప్పుడు తెలిసింది. వింటే ఆయన ఎంత సంతోషించేవాడో అనుకున్నకొద్దీ ఏడుపు ఆగేది కాదు.

ఒక సాయంత్రం పైన రెయిలింగ్ దగ్గర నిలబడి ఉన్నాం. నా మనసులో అన్నాళ్లుగా నలుగుతున్నది బయటికి వచ్చేసింది.

"ఆయనే ఫోన్ చేశాడనుకుందాం వదినా. ఒక్కసారి మాట్లాడే వీలు దొరికితే నాకెందుకు చెయ్యలేదు? నేను తలుపు బయటే ఉన్నాను కదా. ట్రావెల్స్ అతనికి చేస్తాడా?"

వదిన రెయిలింగ్ మీదున్న నా చెయ్యి పట్టుకుంది.

"నీకు చేసి ఉంటే, నువ్వు వాణ్ణి పోనిచ్చేదానివా లలితా?" అంది.

చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

ఇప్పుడు ఆదివారం చర్చి అయ్యాక వదిన మా ఇంటికి వస్తుంది. ఆ ఫోన్ ఊసు మేము ఎత్తము. ఆవిడ దాన్ని దేవుడి కృప అనుకుంటుంది కాబోలు. నేను అట్లా అనుకోలేను. ఫోన్ చేసింది ఎవరో, ఎక్కడి నుంచో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను.

అప్పుడప్పుడు బేగంపేటలో పని ఉందని చెప్పి నరేష్ ఆఫీసుకు వెళ్తుంటాను. నాకు అక్కడ పనేమీ ఉండదు. అతనికీ తెలుసు. టీ తెప్పించి, నేను అడగకముందే, ఆరోజు సార్ ఏమన్నారో, ఎట్లా అన్నారో మొదటి నుంచి చెబుతాడు. ఒక్క మాటైనా మారదు. నేను తలవంచుకుని వింటాను. ఆయన గొంతు చివరిసారి విన్న ఆ మనిషిని చూస్తే నాకు ఇంకా అసూయ.