గోధుమచేలు దాటి ఆష్‌బర్టన్‌లో ఒక గృహప్రవేశం

న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ శివారైన మనురేవాలోని మా ఇంటికి శుభకార్యాల పిలుపులు తక్కువేమీ రావు. అయినా వ్రతమన్న మాట వినబడితే చాలు, మా ఆవిడ సుభద్ర ఏదో ఒక పని కల్పించుకుని ఇంట్లోనే ఉండిపోయేది. కారణం భక్తిలోపం కాదు, ప్రసాదం. ఆమెకు సీలియాక్ వ్యాధి ఉన్నట్టు రెండేళ్ల క్రితం రక్తపరీక్షలోనూ, ఆపైన ఎండోస్కోపీలోనూ తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ కడుపులోకి పోతే, ఈ వ్యాధి ఉన్నవారి శరీరం తన చిన్నప్రేగుల లోపలి పొరను తానే గాయపరచుకుంటుంది. దానికి మందు లేదు. ఆ ధాన్యాలను జీవితాంతం రవ్వంత కూడా నోట పడనీయకపోవడమే వైద్యం. సత్యనారాయణస్వామి ప్రసాదమేమో గోధుమరవ్వతో చేస్తారు. వ్యాధి తెలిసిన కొత్తలో ఒకరింట ఆ ప్రసాదం చిటికెడు కళ్లకద్దుకుని నోట వేసుకుంది, స్వామిది కనుక కీడు చేయదన్న నమ్మకంతో. తరువాత కొన్ని రోజులు మంచం దిగలేదు. లేచి కూర్చున్నాక, "స్వామి తప్పేం లేదండీ, నా పేగుదే" అంది. అప్పటినుంచి వ్రతాలకు వెళ్లడం మానేసింది.

అటువంటి సమయంలో వంశీ ఫోన్ చేశాడు. కరీంనగర్ నుంచి చదువుకోసం ఆక్లాండ్ వచ్చి, పెట్రోలు బంకులో పనిచేస్తూ, ఆదివారాలు మా ఇంట భోంచేసిన పిల్లవాడు. ఇప్పుడు దక్షిణద్వీపంలో ఆష్‌బర్టన్ అనే ఊళ్లో పొలాలకు నీటియంత్రాలు బిగించే సంస్థలో ఇంజనీరు. భార్య ప్రణీత అక్కడే ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. ఇల్లు కొనుక్కున్నారు. "మాస్టారూ, ముహూర్తం మీరే పెట్టిన్రు, మీరే వచ్చి చేయించాలె. ఆంటీ రాకుంటే నేను పాలే పొంగియ్య" అన్నాడు. నాకు పౌరోహిత్యం వృత్తి కాదు. కళాశాలలో సంస్కృతం చెప్పి పదవీవిరమణ చేసినవాణ్ణి. ఈ దేశంలో మంత్రం వచ్చినవాడే పురోహితుడు కనుక ఒప్పుకున్నాను.

ఫోను పెట్టేశాక సుభద్ర చేతిలోని చిక్కుడుకాయలు వలవకుండా అలాగే కూర్చుండిపోయింది. "వెళ్లకపోతే వాడు నొచ్చుకుంటాడు. వెళ్తే వాడి కొత్తింటి ప్రసాదం నేను వద్దనాలి. పైగా ప్రసాదం తినకుండా మొగుణ్ణి చూడబోయిన కూతురి కథ మీరే చదువుతారాయె. పడవ మునిగిందని మీరు చదువుతుంటే నేను తల ఎక్కడ పెట్టుకోనండీ?" అంది.  అయినా బయలుదేరాము.

మాఘమాసం, అంటే ఇక్కడ వేసవి చివర. మనురేవా నుంచి తెల్లవారుజామున కారులో విమానాశ్రయానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆరున్నర విమానం ఎక్కితే ఎనిమిది కాకుండానే క్రైస్ట్‌చర్చ్‌లో దిగవచ్చు. నెల ముందు కొన్నందువల్ల టికెట్టు మనిషికి నూరు డాలర్ల లోపే వచ్చింది. చేతిసంచికి మాత్రమే అనుమతి ఉన్న రకం. మా చేతిసంచిలో నా పట్టుపంచె అడుగున నలిగిపోగా, పైభాగమంతా సుభద్ర వంటింటి సరంజామా: ఒక చిన్న స్టీలు గిన్నె, గరిటె, బియ్యపురవ్వ విప్పని పొట్లాలు రెండు, అరటిపళ్లు. ఉన్న రెండు రోజులూ తన ఉప్మా తానే చేసుకుంటానని ముందే చెప్పింది. విమానంలో బిస్కెట్ ఇవ్వబోతే నవ్వుతూ అరచేయి అడ్డంపెట్టింది. ఆ నవ్వు అలవాటైనది. ఎదుటివారు నొచ్చుకోకుండా కాదనడానికి ఈ రెండేళ్లలో ఆమె నేర్చుకున్న విద్య అది.

క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆష్‌బర్టన్ సుమారు తొంభై కిలోమీటర్లు. బస్సు ఉంది, ముప్పై డాలర్లకు కాస్త అటూ ఇటూ. కాని వంశీ మాకోసం రత్నకుమారిని కారుతో పంపాడు. ప్రణీతతోపాటు అదే వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్న ఈమెది భీమవరం. కారెక్కామో లేదో మాటలు మొదలుపెట్టింది. "ఆంటీ, మీకు సీలియాక్ అంట కదా, ప్రణీత చెప్పింది. మా చర్చిలో కూడా ఒకావిడ ఉన్నారండి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలి కదా, ఆవిడకి వేరే ప్లేట్లో పెట్టేవోరు, బియ్యంపిండితో చేసింది."

"మంచిపనే కదమ్మా" అన్నాను.

"అదే అనుకున్నామండి మేమూ. ఓ ఆదివారం ఆవిడ ఏడ్చేసింది అంకుల్. అందరూ ఒక బల్ల, నేనొక్కదాన్నే ఇంకో బల్లా అని. ఇంక పాస్టరుగారు ఊరుకోలేదు, ఇప్పుడు అందరికీ ఆ రొట్టే."

సుభద్ర ముందుకు వంగి అడిగింది. "ఎలా ఉంటుందమ్మా అది?"

"నిజం చెప్పమంటారా? అట్టముక్కలాగుంటదండి. ప్రభువు కోసం నమిలేస్తున్నాం!"

ఆ కారులో నా భార్య పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఇంకో బల్ల అన్న మాట నా మనసులో ఎక్కడో తగిలి అక్కడే ఉండిపోయింది.

ముప్పావుగంట ప్రయాణం తరువాత రాకాయా నది వస్తుంది. వంతెన ఒకటిన్నర కిలోమీటర్లకు పైనే ఉంటుంది. కింద నది మాత్రం ఒక్క ప్రవాహంగా కాక, బూడిదరంగు గులకరాళ్ల మీద జడపాయల్లా విడిపోయి, కలిసి, మళ్లీ విడిపోతూ సాగుతుంది. వంతెన దాటగానే ఉన్న ఊళ్లో టీకి ఆగాము. కాఫీ, టీ ఒక్కొక్కటి ఆరు డాలర్లు. పలకమీద గ్లూటెన్ లేని టోస్టు ఉందని రాసి ఉంది. గోధుమరొట్టె పొడి అంటుతుందేమోనని సుభద్ర టోస్టర్ గురించి అడగగానే, బల్ల వెనుక ఉన్న పెద్దావిడ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "రొట్టె వేరేదే గాని టోస్టర్ అందరిదీ, తల్లీ. సీలియాక్ అయితే మాత్రం నేను నీకివ్వను. నా మనవడికీ ఇవ్వను" అంది. ఆమెకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పి, టీ తాగి, అరటిపళ్లు తిన్నాము. సీలియాక్ ఉన్నవారికి ప్రయాణంలో కావలసింది ఇటువంటి నిజాయితీ. లేదన్న మాట నిర్భయంగా చెప్పే చోట, ఉందన్న మాటను నమ్మవచ్చు.

అక్కడినుంచి దారికి రెండువైపులా గోధుమచేలే. కొన్ని కోతకొచ్చి, కొన్ని కోసిన మోళ్లతో, పడమటి కొండల పాదాల దాకా ఒకటే బంగారం. నవధాన్యాలలో గోధుమ సూర్యునికి చెందినదని ఎన్ని మండపాల దగ్గర చెప్పానో. ఆ మాట కంటికి కనిపించింది ఇక్కడే. రత్నకుమారి కారు పక్కకు ఆపింది. సుభద్ర దిగి, కంచె ఇవతల నిలబడి, చాలాసేపు చూసింది.

"ఎంత అందంగా ఉన్నాడండీ నా పగవాడు" అంది చివరికి. కంచె దాటి వచ్చిన ఒక వెన్నును వేలితో సున్నితంగా పక్కకు జరిపి, తిరిగివచ్చి, తడిగుడ్డతో చేతులు తుడుచుకుని కూర్చుంది.

పదికి ముందే చేరాము. కొత్త ఇళ్ల వీధి, ఇంకా గడ్డి మొలవని ముంగిళ్లు. సుముహూర్తానికి కొత్త గిన్నెలో పాలు పొంగాయి. వంశీ తల్లి రాజమ్మగారు నెల క్రితమే కరీంనగర్ నుంచి వచ్చారు. కోడలిచేత, కొడుకుచేత అన్నీ పద్ధతిగా చేయించారు. వ్రతానికి పీట వేసి, మండపం సర్దుతుండగా నాకు వంటింట్లో రాజమ్మగారు కనిపించారు. ఒక చేతిలో గోధుమరవ్వ ప్యాకెట్టు, ఇంకో చేతిలో కత్తెర. తలుపు దగ్గర గోడకు ఆనుకుని, ఎవరికీ అడ్డురాకుండా, సుభద్ర.

ఆ వంటిల్లు చూడగానే నాకు ఒక విషయం స్ఫురించింది. అందులో ఇంకా ఎవరూ చపాతీ ఒత్తలేదు. పొయ్యి కొత్తది, గిన్నెలు కొత్తవి, గట్టు కొత్తది. గోధుమపిండి గాలిలోకి కూడా లేవని వంటిల్లు ఆ పూట ఆ ఊళ్లో అదొక్కటే అయి ఉండవచ్చు. ఆ కత్తెర పడితే అదీ ఉండదు.

"అమ్మా, ఒక్క క్షణం ఆగండి" అన్నాను. "ప్రసాదం బియ్యపురవ్వతో చేద్దాం. విప్పని పొట్లాలు మా సంచిలో ఉన్నాయి."

రాజమ్మగారు కత్తెర దించలేదు. "గట్లెట్లయ్యా? సత్యనారాయణస్వామి ప్రసాదమంటే గోధుమరవ్వనే. మా అత్త గట్లనే చేసింది, నేను గట్లనే చేసిన."

"వ్రతవిధానంలోనే ఉన్నదమ్మా. గోధుమ కుదరనిచోట బియ్యం వాడవచ్చు. ఇది నేను కల్పించింది కాదు."

ఆమె నన్ను, తలుపు దగ్గరున్న సుభద్రను మార్చి మార్చి చూశారు. "ఇన్నేండ్ల సంది ఎన్ని వ్రతాలు చేయించిన్రు, ఎన్నడన్న చెప్పిన్రా ఈ ముచ్చట? ఇయ్యాల మీ ఇంటామె కోసం శాస్త్రం తీసిన్రు!"

 సుభద్ర గాబరాగా, "అయ్యో వదినగారూ, నాకోసం ఏమీ మార్చవద్దు. నేను దండం పెట్టుకుంటాను, చాలు" అంది.

"మీరన్నది నిజమేనమ్మా" అన్నాను రాజమ్మగారితో. "శాస్త్రం ఎప్పటినుంచో ఉన్నది. తీసి చదివింది మాత్రం ఈమె కోసమే."

 ఆమె కోడలివైపు తిరిగి అడిగారు. "ఈమె గిది తింటే ఏమైతదే?"

"లోపల పేగంత పుండైతదత్తమ్మా. బయటికి కనబడది. చెంచెడు తిన్నా అంతే" అంది ప్రణీత.

"చెంచెడుకే?"

"చిటికెడుకే."

రాజమ్మగారు ప్యాకెట్టు గట్టుమీద పెట్టబోయి, ఆగి, దాన్ని వంశీ చేతికిచ్చారు. "ఇది తీస్కపోయి కార్ల పెట్టురా. ఇంట్ల ఉండద్దు." ఆపైన సుభద్ర దగ్గరకు వచ్చి చేయి పట్టుకున్నారు. "మా పోరడు ఫోన్ల ఎన్నడు మాట్లాడినా ఆంటీ పప్పు, ఆంటీ చారు. వానికి తిండి పెట్టిన చెయ్యి వదినా ఇది. రా, ప్రసాదం నువ్వే చెయ్యి. నెయ్యి మాత్రం తక్కువ పొయ్యకు, నీది ఆంధ్రా చెయ్యి."

"ఆంధ్రా చెయ్యి నెయ్యికి కాదు వదినగారూ, కారానికి" అంది సుభద్ర. ఇద్దరూ నవ్వారు. ఒకటింబావు పాళ్లలో బియ్యపురవ్వ, పంచదార, పాలు, నెయ్యి, మగ్గిన అరటిపళ్లు. పాలు పొంగించిన ఆ కొత్త గిన్నెలోనే రవ్వ వేగింది. వాసన హాల్లోకి వచ్చాక నేను సంకల్పం చెప్పించడం మొదలుపెట్టాను.

కథలో పడవ మునిగే ఘట్టం వచ్చినప్పుడు నా కళ్లు పుస్తకం మీద నిలవలేదు. సుభద్ర రాజమ్మగారి పక్కన, తల ఎత్తుకునే, వింటోంది. పూజ ముగిశాక వచ్చిన పాతికమందికీ ప్రణీత ఒకే గిన్నెలోంచి ప్రసాదం పెట్టింది. సుభద్ర వంతు వచ్చింది. కుడి అరచేతిలో తీసుకుని, కళ్లకద్దుకుని, నోట వేసుకుని, చాలాసేపు కళ్లు మూసుకునే ఉంది.  తరువాత ఆమె కళ్లు తెరిచి, ముందుకు వెళ్లిపోతున్న ప్రణీతను పిలిచి, మళ్లీ అరచేయి చాపింది.

"ఇంకొంచెం పెట్టమ్మా."

రెండేళ్లలో పరాయి ఇంట ఆమె అడిగి పెట్టించుకున్న మొదటి పదార్థం అది.

తిరుగుప్రయాణంలో నాకు తోచింది ఇది. పథ్యం పాటించేవారికి వేరుగా వండిపెట్టడం దయే. ఆ దయ లేనిచోట వారు పస్తులుంటారు. కాని వేరు విస్తరి ఎంత ప్రేమతో వేసినా, అది పంక్తికి కొంచెం ఎడంగానే ఉంటుంది. ఆ ఎడం మా ఆవిడ ఎన్నడూ నోరువిప్పి చెప్పలేదు, నేనూ కొలిచి చూడలేదు. ఆ రోజు పాతికమంది కొంచెం జరిగి ఆమె పక్కన కూర్చున్నారు, అంతే. అందువల్ల ఎవరికీ ఏ రుచీ తగ్గలేదు. రాజమ్మగారైతే ఇకమీద తమ ఇంట బియ్యపురవ్వేనన్నారు. కరీంనగర్ చేరాక కూడా ఆ మాట మీద నిలబడతారో లేదో చెప్పలేను.

ఇటువంటి ప్రయాణం తలపెట్టినవారికి ఒక సూచన. వ్రతం రోజు మధ్యాహ్నం రత్నకుమారి, "ఆంటీ, అంతా బియ్యమే, ధైర్యంగా తినండి" అంటూ తాను చేసి తెచ్చిన పులిహోర పెట్టబోయింది. సుభద్ర ఏ ఇంగువ వేశావని అడిగింది. ఆ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి, డబ్బా వెనుక ఉన్నది చదివించుకుని, తలపట్టుకుంది. అంగట్లో దొరికే ఇంగువపొడిలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు. కాబట్టి ఎవరింటికి వెళ్లినా కూరల సంగతి తరువాత, ముందు ఇంగువ డబ్బా వెనుకవైపు చదవండి. బియ్యపుపిండి కలిపిన రకం ఒకటి మీ సంచిలోనే ఉంచుకోండి. పులిహోర దక్కకపోయినందుకు సుభద్ర ఏమీ అనుకోలేదు. ఆ మధ్యాహ్నానికి ఆమె కడుపు నిండే ఉంది.