మామిడిరసం అని చెప్పిన మరక

మా ఇంట్లో ఒక పెద్ద జంపఖానా ఉంది. నీలం, తెలుపు పట్టీలతో, పరిస్తే ముప్పై మంది కూర్చోవచ్చు. చిత్తూరులో మేముండే వీధిలో ఏ ఇంట భజన జరిగినా, పేరంటం జరిగినా అది మా ఇంటి నుంచే వెళ్తుంది. ఎవరడిగినా ఇస్తాను. షరతు ఒక్కటే. ఉతికి తేవద్దు. మరక పడితే దేని మరకో పేరు చెప్పి ఇవ్వండి. తక్కింది నేను చూసుకుంటాను.

రోగమేమిటో చెప్పకుండా మందడిగితే ఏ వైద్యుడిస్తాడు? కాఫీ ఒలికితే వెంటనే చన్నీళ్ళు అద్దితే చాలు. నూనె మరక మీద శనగపిండి చల్లి ఒక పూట వదిలేస్తే పిండే నూనెను తాగేస్తుంది. తాంబూలం మరకకు పుల్లటి పెరుగు. నెత్తురుకు ఉప్పునీళ్ళు, అవీ చల్లటివి. వేడినీళ్ళు తగిలాయో, ఇక జన్మకు వదలదు. మామిడిరసానికి కుంకుడుకాయ పులుసు, మొండికేస్తే వంటసోడా. పసుపుకు నిమ్మరసం, ఆపైన ఎండ. బజారులో సీసాల్లో అమ్మే ఘాటు మందులు నేను ముట్టను. జంపఖానా మీద పసిపిల్లలు పాకుతారు. ఈ షరతు పుణ్యాన నాకు చాలా ఇళ్ళ సంగతులు తెలుసు. ఎదురింటి పెద్దాయన డాక్టరు మానమన్న కాఫీని భజనలో చాటుగా తాగి ఒలకబోసుకున్నాడు. ఆయన భార్యకు ఇప్పటికీ తెలియదు.

మా చెల్లెలు రెండు వీధుల అవతల ఉంటుంది. అది ఉద్యోగానికి వెళ్తుంటే దాని కూతురు ఐదేళ్ళ దాకా మా ఇంట్లోనే పెరిగింది. మాకు పిల్లల్లేరు. స్నానం పోసిందీ, అన్నం పెట్టిందీ నేనే. మా ఆయన దాన్ని భుజమ్మీద ఎక్కించుకుని మామిడి మండీ అంతా తిప్పేవాడు. పిల్ల కుడికాలి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉంటుంది. రోజూ స్నానానికి ముందు నూనె రాసి ఆ వేలిని కిందికి లాగేదాన్ని. అది నా మాట ఏనాడూ వినలేదు. కాస్త పెద్దయ్యాక పిల్ల మిద్దె మీద నా పక్కన కూర్చుని, ఏ మరకకు ఏ మందో అప్పజెప్పేది. మా ఆయన పోయి రెండేళ్ళయింది.

పోయిన మామిడికాయల కాలంలో చెల్లెలు వచ్చి జంపఖానా అడిగింది. "ఇంట్లో భజన పెట్టుకున్యామక్కా" అంది.

"నేనూ రానా?" అన్నాను.

"ఎందుకులేక్కా, ఆ మోకాళ్ళతో యాడ కూర్సుంటావు. నలుగురైదుగురే వస్తారు."

నలుగురైదుగురికి ముప్పై మంది జంపఖానా ఎందుకని అప్పుడే అడగవలసింది. అడగలేదు. తోడబుట్టినదాన్ని అనుమానిస్తామా?

మూడో రోజు తెచ్చిచ్చింది. "తెల్లపట్టీ మింద మామిడిరసం పడిందక్కా. పిలకాయలు తిన్యారు" అని చెప్పి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది. చూశాను. తడిగుడ్డతో తుడిచినట్టున్నారు, లేత పచ్చగా అలుముకుని ఉంది. మామిడి వాసన లేదు. ఎండిపోయిందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మిద్దె మీద పరిచి కుంకుడు పులుసు అద్దాను. కదల్లేదు. మళ్ళీ అద్దాను. లాభం లేక వంటసోడా ముద్దగా కలిపి పూశాను. చూస్తుండగానే ముద్ద కింద పచ్చదనం ఎర్రగా తిరిగింది. ముందు మడమ తేలింది. తర్వాత పాదం అంచు. తర్వాత వేళ్ళు, ఒక్కొక్కటే. నాలుగో వేలి మీదికెక్కిన చిటికెనవేలు.

మామిడిరసం ఎర్రబడదు. పసుపు ఎర్రబడుతుంది. ఆరతి పళ్ళెంలో పసుపునీళ్ళకు సున్నం కలిపిన ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే. పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాస్తే, లేచి దిగిన పెళ్ళికూతురి అడుగు అది. పిల్లకు సత్యవేడు సంబంధం చూస్తున్నామని చెల్లెలు అంతకుముందు చెప్పింది. ఇంకా ఏమీ తేలలేదని కూడా చెప్పింది. నా ముందున్నది తేలిపోయిన సంబంధం.

నిశ్చితార్థానికి నా జంపఖానాను పిలిచారు, నన్ను పిలవలేదు. పద్ధతులు నాకు తెలియనివా? "అక్కా, వాళ్ళు పట్టింపు మనుషులు, నువ్వు లోపలి గదిలో ఉండు" అని ఒక్క మాట చెప్పుంటే ఉండేదాన్ని, ఏడ్చుకుంటూనైనా. దానికి భజన అని ఒక అబద్ధం, మామిడిరసం అని ఇంకో అబద్ధం.

ఆ పొద్దే చెల్లెలు మళ్ళీ వచ్చింది. మాట్లాడుతూనే మిద్దె ఎక్కింది. ఎర్రటి అడుగును చూసి జంపఖానా అంచునే నిలబడిపోయింది. "వాళ్ళు సానా పట్టింపు మనుషులక్కా. నన్నేం సెయ్యమంటావు?" అంది.

"మామిడిరసం అని చెప్పమన్న తెలివి ఎవరిది?"

చెల్లెలు మెట్ల వైపు తిరిగింది. మళ్ళీ అడిగాను.

"పాపే అనిందక్కా. పసుపని సెప్తే పెద్దమ్మ కనుక్కుంటాది, మామిడిరసమని సెప్పుమా, రంగు ఒగటే అనింది. నువ్వు బాధపడతావనే గదా."

చెల్లెలి మీద వచ్చిన కోపం ఆ మాటతో ఎటు పోయిందో పోయింది. దానికంటే పెద్దది వచ్చి కూర్చుంది. రంగులు చూసి మరకలు పోల్చడం ఆ పిల్లకు నేర్పింది నేనే, ఇదే మిద్దె మీద.

"ఏమనుకోబాకక్కా. పెండ్లికి మాత్రం నువ్వు రావల్ల" అని, మెట్ల దాకా పోయి ఆగింది. "జంపకాన గూడా కావల్ల."

"తీసుకోపో. దానికేం, మొగుడు పోలేదు గదా" అన్నాను.

తల దించుకుని దిగిపోయింది. నేను నిమ్మకాయ కోసుకుని వచ్చి కూర్చున్నాను. రసం పడ్డచోటల్లా ఎరుపు మళ్ళీ పచ్చబడుతోంది. ఇక రెండెండలు చాలు, ఆనవాలు మిగలదు. మడమ అయింది, పాదం అయింది, వేళ్ళ దాకా వచ్చాను. చిటికెనవేలి దగ్గర నిమ్మచెక్క పక్కన పెట్టేసి, నా చెయ్యి ఆ వేలిని పట్టుకుని కిందికి లాగబోయింది.