నీలాలొక డబ్బా, పసుపువొక డబ్బా

సోమవారం. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, తాగునీళ్లు పట్టడం, ఒక బకెట్టు బట్టలు ఉతకడం, రాగిపిండి జల్లించడం: నా పనుల పుస్తకంలో రాసుకున్నవి నాలుగు అయ్యాయి. ఐదోది, వేరుశనక్కాయలు వలవడం, సగంలో ఉండగా పక్క వీధి నుంచి మా చిన్నత్త వచ్చి గడప దగ్గరే నిలబడింది. "కాపీ పెట్టి పిలిస్తే మీ మామ పలకలేదమ్మా" అంది. నిద్రలోనే పోయాడు చిన్నమామ.

చిన్నమామ అంటే నా భర్తకు చిన్నాన్న. చూడడానికి వచ్చినవాళ్లు ఏడుస్తూ వచ్చి, ఆయన గురించి ఏదో ఒకటి చెప్పుకుని నవ్వుతూ వెళ్లారు. అలాంటి మనిషి గురించి మీకు బరువైన మాటలతో చెప్పడం నాకు చేతకాదు.

నాగలమడికలో మా ఇంటి వీధిగదే ఆయన అంగడి. టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరయ్యాక ఊరికే కూర్చోలేకపోయాడు. వల్లూరులో శనక్కాయ చేలు పోయి సోలార్ పలకలు వచ్చాక, వాటి మధ్య పరిచిన ఫైబర్ తీగలకు కావలసిన సామాను తెచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. అందులో ఆయనకు ముద్దుబిడ్డ మాడ్యూల్. బొటనవేలంత ఇనప డబ్బీ. నెట్‌వర్క్ పెట్టెలోకి దూర్చితే కరెంటు సంకేతాన్ని వెలుతురుగా మార్చి తీగలోకి పంపుతుంది, అవతల నుంచి వచ్చిన వెలుతురును మళ్లీ సంకేతం చేస్తుంది. దాని మూతి తెరిచి ఉంటే ఊరుకునేవాడు కాదు. "వెలుతురు ఎంత దూరమైనా పోతాదమ్మా, దుమ్ము కాడ మాత్రం ఆగిపోతాది" అనేవాడు.

ఒకసారి నా మిక్సీ జార్ పగిలింది. ఊళ్లో దొరికిన ఏ కంపెనీ జారూ దానిమీద కూర్చోలేదు. నేను విసుక్కుంటుంటే చిన్నమామ పగలబడి నవ్వాడు.

"మిక్సీలోళ్లు ఒకచోట కూర్చోని మాట్లాడుకోలేదమ్మా. మాడ్యూల్‌లోళ్లు మాట్లాడుకున్నారు. పొడుగెంత, కాళ్లెన్ని, లోపల తన పేరు యాడ రాసుకోవాల, అన్నీ ఒప్పందమే. ఎవురు చేసినా ఒకే కొలత."

ఈ మాట ఆయన వల్లూరు సోలార్ కంట్రోల్ రూములో నెలల తరబడి చెప్పాడు. అక్కడి ఇంజనీరమ్మ నమ్మలేదు. వేరే కంపెనీ మాడ్యూల్‌ని తమ పెట్టె ఒప్పుకోదేమోనని ఆమె భయం. చివరికి ఒక రోజు ఇచ్చింది. మధ్యాహ్నం మూడింటిలోగా కంట్రోల్ రూముకూ దూరపు ఇన్వర్టర్ గదికీ మధ్య లింకు రావాలి. రాకపోతే ఇక ఆయన సామాను తీసుకోరు. వేరే గిరాకీ పెద్దగా లేని అంగడి అది. "రాకుంటే బోర్డు దించేసి గొర్రెలు మేపుకుంటా" అన్నాడు నవ్వుతూనే. ఆ రాత్రి మాత్రం అన్నం సరిగా తినలేదని చిన్నత్త చెప్పింది.

నేను చేసిన పని ఇక్కడే ఉంది. ఆ ముందు రోజు సాయంత్రం, రేపు పెద్ద రోజు కదా అని ఆయన అలమర సర్దాను. మాడ్యూళ్లను రెండేసి చొప్పున పాత పేపరు ముక్కల్లో చుట్టి రబ్బరు వేసి పెట్టుకున్నాడు. ఒకదాని పిడి నీలం, ఒకదాని పిడి పసుపు. నాకు చూడబుద్ధి కాలేదు. అన్నీ విప్పి, తుడిచి, నీలాలు ఒక స్టీలు డబ్బాలో, పసుపువి ఇంకో డబ్బాలో పెట్టి చీటీలు కూడా అంటించాను. పొద్దున ఆయన తొందరలో, సామానంతా ఒకదాంట్లోనే సర్దానేమో అనుకుని, పైనున్న డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

పన్నెండు దాటాక ఫోన్.

"అమ్మాయ్, పసుపువి యాడ పెట్టినావు?"

"ఇంకో డబ్బాలో మామా. రంగు ప్రకారం సర్దినాను."

అటు నుంచి నవ్వు. "మొగుడూ పెళ్లాలను ఇడదీసి, మొగోళ్లనొక బస్సు, ఆడోళ్లనొక బస్సు ఎక్కించినావు గదమ్మా! ఈడ ఒకే తీగ ఉండాది. ఒక కొసన నీలం, ఇంకో కొసన పసుపు ఉంటేనే ఒకరి మాట ఇంకొకరికి వినపడేది."

పిండి చేతులతోనే డబ్బా సంచిలో వేసుకుని స్కూటర్ తీశాను. నేను ముప్పై దాటించను. ఆ రోజు నలభై ఐదు. వల్లూరు గేటు దగ్గర సెక్యూరిటీ ఆమె నా ముఖం చూసి "ఏందక్కా, ఎవురికైనా బాగలేదా?" అని అడిగింది.

కంట్రోల్ రూములో ఇంజనీరమ్మ గోడ గడియారం కింద నిలబడి ఉంది. రెండుంబావు. చిన్నమామ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక పసుపు మాడ్యూల్‌ని ఏరి బండి మీద ఇన్వర్టర్ గదికి పంపించాడు. కావాలనే రెండు కొసలకూ రెండు వేర్వేరు కంపెనీలవి పెట్టించాడు. తన వైపు నీలందాన్ని తానే మూతి తుడిచి దూర్చాడు. దీపం వెలగలేదు. అవతలి నుంచి ఫోన్లో "పెట్టినానప్పా" అన్నారు. అయినా వెలగలేదు. నేను కొంగు పట్టుకుని గోడకు ఆనుకున్నాను.

"తాతా, చెప్పినాను కదా" అంది ఇంజనీరమ్మ, మెల్లగానే.

"తీగ మూతి తుడిచినారా అని అడుగమ్మా" అన్నాడాయన.

తుడవలేదట. తుడిచారు. మళ్లీ దూర్చారు. పెట్టె మీద పచ్చటి దీపం టపీమని వెలిగి రెపరెపలాడసాగింది. తెర మీద రెండు కంపెనీల పేర్లు ఒకదాని కింద ఒకటి కనబడ్డాయి. ఇంజనీరమ్మ వాటిని రెండుసార్లు చదివి, "తాతా, మిగతా గదులకు కూడా మీరే తెచ్చేయండి" అంది.

చిన్నమామ నా వైపు తిరిగాడు. "మా కోడలు చానా కుదురైన మనిషమ్మా. తప్పు చేసినా చీటీ అంటించి చేస్తాది." గదంతా నవ్వింది. "దీనికి జరిమానా ఉండాది. ఓళిగలు."

మర్నాడే శనగపప్పు పూర్ణం పెట్టి చేశాను. వీధిగదిలో పీట వేసుకుని నెయ్యి పోయించుకుని ఆరు తిన్నాడు. ఏడోది చేతిలో ఉండగా వల్లూరు నుంచి ఫోన్ మోగింది. మణికట్ల దాకా నెయ్యి కారుతున్న రెండు చేతులూ పైకెత్తి, తల వంచి చెవి నా వైపు పెట్టాడు. నేను ఫోన్ ఆనించాను. "ఈ పొద్దు మాడ్యూల్ ముట్టను తల్లీ, చేతులు బాగలేవు" అని ఇంజనీరమ్మకు చెబుతూ, చేతులు దించకుండానే నాకేసి కన్ను గీటాడు. నా పనుల పుస్తకంలో ఆ రోజు చివరి వరుస ఇది: చిన్నమామకు ఓళిగల బాకీ, చెల్లు.