పుప్పొడి అంటిన చేతులు

మొన్న గద్వాల బస్సులో నా పక్కన కూర్చున్న ఒకామె వేళ్లకు పసుపుపచ్చని పుప్పొడి అంటి ఉంది. పత్తి పువ్వుదని చూడగానే తెలిసింది. దిగేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను.

నా చిన్నప్పుడు జములమ్మ మా విత్తన పత్తి చేలో పనిచేసేది. నా ఈడుదే. నేను బడికి పోయేవేళకు ఆమె మగపువ్వును ఆడపువ్వులకు అద్దుతూ ఉండేది. సాయంత్రం బొటనవేలి గోటితో మొగ్గల్లోని మగ కేసరాలు గిల్లి, వాటిని మరునాటి ఆడపువ్వులుగా చేసేది.

దసరా సెలవుల్లో ఒకరోజు పనిలో ఉన్న పిల్లల్ని వెతికే ఆఫీసరు జీపు చేను గట్టు మీద ఆగింది. "ఆఫీసరు అడిగితే నీ బడి దోస్తని చెప్పు. లేకుంటే ఆ పిల్లను ఎత్కపోతడు" అని నాయిన నా చెవిలో చెప్పాడు. నేను నమ్మాను.

"ఏ తరగతి పాపా?" అని ఆఫీసరు జములమ్మను అడిగాడు.

ఆమె రెండు అరచేతులూ ఆయన ముందు చాపింది. వేళ్ల నిండా పుప్పొడి. బొటనవేలి గోరు చీలి ఉంది. ఏదో అడుక్కుంటోందనుకుని నాకు సిగ్గేసింది. ఆ చేతుల్ని కిందికి లాగేసి, "నాతోనే నాలుగు చదువుతది సార్, ఆడుకోను వచ్చింది" అన్నాను.

ఆయన ఆ చేతుల్ని చూశాడు. చూడడమే ఆయన ఉద్యోగం. అయినా నాయిన ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. చూసి కూడా ఎట్ల పోతవని ఆ ఆఫీసర్ని నిలదీసినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. అడిగినవి ఆ రెండు చేతులే. వాటిని దించింది నేను.

జీపు పోయాక, "నిన్ను నేనే కాపాడిన" అన్నాను గొప్పగా.

జములమ్మ నన్ను ఒకసారి చూసి, మళ్లీ పువ్వుల దగ్గరికి వెళ్లింది.