నాలుగో దెబ్బ

మా పక్కింటి మేష్టారి మీద నాకు తొమ్మిదేళ్లుగా ఒక కోపం ఉంది. రాయవలసిన మాట ఒకటి ఆయన రాయలేదు. అడిగాను, పోట్లాడాను, నెల రోజులు పలకడం మానేశాను. అయినా రాయలేదు. ఇప్పుడు ఆయనే లేకుండా పోయాడు. మొన్న మాఘమాసంలో వారం రోజులు జ్వరంతో పడుకుని, ఒక ఉదయం బడిగంట కొట్టే వేళకు పోయాడు. ఆ కబురు వాళ్ల ఆవిడ గోడ మీదుగా నాకు చెప్పింది. "బాబాయిగారూ, మీ మేష్టారు ఇంక లేరు" అంది. నా చేతిలో ఉలి ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు.

నేను దుర్గిలో రాయి చెక్కి బతికేవాణ్ణి. చదువు లేదు. అక్షరాలు రాయి మీద చెక్కటం వరకే వచ్చు. కాగితం మీద పెడితే కలం పక్కకు పోతుంది. ఈ కాస్త రాయడానికి పది రోజులు పట్టింది. తప్పులుంటే ఎడిటరుగారు దిద్దుకోవచ్చు, మాట మాత్రం మార్చవద్దు. మేష్టారి వ్యాసాలు రెండు ఈ పత్రికలోనే పడ్డాయి కాబట్టి ఇక్కడికే పంపుతున్నాను. రెండూ ఒకే పాటగాడి గురించి. మీలో కొందరికి గుర్తుండవచ్చు.

ఆ పాటగాడు మొదట నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించేవాడు. తర్వాత మద్రాసు పోయి సొంతంగా గ్రామఫోను ప్లేట్లు ఇచ్చాడు. ఆయన పాటలు సినిమా పాటల్లాంటివి కావు, గుళ్లో పాడేవీ కావు. ఒకదాంట్లో నూతి గిలక కిర్రుమంటూ ఉంటుంది, దాని మీద గొంతు నడుస్తుంది. ఇంకోదాంట్లో రోకటిపోటు తప్ప వేరే వాద్యం లేదు. పంచాయితీ రేడియోలో ఎప్పుడన్నా అలాంటిది వస్తే అరుగు మీదివాళ్లు, "ఇది పాటా, పనా? కట్టెయ్యండిరా" అనేవాళ్లు. మేష్టారు ఒక్కడే లేచి నిలబడేవాడు. అయిపోయేదాకా చేతులు కట్టుకుని అట్లాగే వినేవాడు.

ఆయన మిషను బడిలో మేష్టారు. ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన ఏడాదే నరసరావుపేటలో ఒక పాత గ్రామఫోను పెట్టె కొన్నాడు. బస్సులో టాపు మీద వేయనీయకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ఒకే ప్లేటు పెట్టి ఒకే చోట ముల్లు ఎత్తి వెనక్కి పెట్టేవాడు. మళ్లీ ఎత్తేవాడు. మళ్లీ పెట్టేవాడు. ఒళ్లో నోటు పుస్తకం. అట్లాంటి పుస్తకాలు పోయేనాటికి పదిహేడు అయ్యాయి. అన్నీ ఆ ఒక్క మనిషి పాటల మీదే.

"నిన్న విన్న పాటేగా మేష్టారూ. ఇవాళ కొత్తగా ఏం రాస్తావు?" అని గోడ మీదనుంచి అడిగాను ఒకసారి.

"నిన్న విన్నది నిన్నటి చెవితో బాబాయ్" అన్నాడు.

ఆయన రాత పద్ధతి కూడా వేరు. రాసింది తప్పని తోస్తే చెరిపేవాడు కాదు. ఒక్క గీత కొట్టి, పాత మాట కనపడేట్టు ఉంచి, పక్కన కొత్తది రాసేవాడు. తెలియనిచోట ఒక గీతంత ఖాళీ వదిలేవాడు. ఏళ్ల తరబడి ఆ ఖాళీ అట్లాగే ఉండేది. "తెలియంది రాస్తే తెలిసింది కూడా చెడుతుంది" అనేవాడు.

గిలక పాట సంగతి తేల్చుకోవాలని ఆయన రోజూ సాయంత్రం మంచినీళ్ల బావి దగ్గరికి పోయి నిలబడ్డాడు కొన్నాళ్లు. గిలక తిరిగేటప్పుడు కళ్లు మూసుకుని ముఖం చిట్లించి వినేవాడు. ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏంది మేష్టారూ, బిందె లేకుండా వచ్చావు?"

"గిలకతో పనుందమ్మా."

"ఇంట్లో ఆమె సరిగ్గా మాట్లాడటంలేదా ఏంది, గిలక మాటలు వినటానికొచ్చావు?"

ఆయన నవ్వి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. నాలుగు రోజులయ్యాక పోతే గిలక చప్పుడు చేయకుండా తిరుగుతోంది. పాపం మేష్టారికి ఆ కిర్రు పడటంలేదు, ముఖం అట్లా పెడుతున్నాడని, ఒకామె మొగుడితో చెప్పి నిండా ఆముదం పోయించింది. పైగా, "ఇప్పుడు చానా హాయిగా ఉందా మేష్టారూ?" అని అడిగింది. ఆయన ఆమెకు దండం పెట్టి ఇంటికొచ్చాడు. ఆ పుస్తకం నేను చూశాను. ఆ రోజు పేజీలో రెండే మాటలు ఉన్నాయి. "ఆముదం. ఆగాలి." ఎండిందాకా ఆగి మళ్లీ పోయాడు.

ఇక నా కోపం సంగతికి వస్తాను.

ఒక ఆదివారం ఆయన కొత్త ప్లేటు పెట్టాడు. రాయి కొట్టే మొగుడికి గంజి తీసుకుపోయే ఆడమనిషి పాట అది. గొంతు రాకముందు టక్ టక్ మని నాలుగు చప్పుళ్లు, తర్వాత కాస్త ఖాళీ. మళ్లీ నాలుగు, మళ్లీ ఖాళీ. పాట అయ్యేదాకా అదే. నేను చేస్తున్న పని ఆపి గోడ దగ్గరికి పోయాను.

"మేష్టారూ, అది ఉలి."

"ఉలేనా? నేను గడియారం అనుకున్నాను" అన్నాడు ఆయన. కళ్లు ఇంతింత చేసుకుని గోడ దాటి వచ్చేశాడు. "మరి ఆ ఆగడం ఎందుకు? అది ఆమె దుఃఖం అని నేను ఆరు పేజీలు రాశాను."

"దుఃఖమా, నీ మొహమా. రాతిపొడి ఊదటం అది. కొట్టగానే గీతలో పొడి పేరుకుంటది. ఊదకపోతే ఉలి ఎక్కడ పెట్టాలో కనపడదు."

ఆయన అక్కడే నా షెడ్డులో కింద కూర్చుని ఆరు పేజీల మీదా ఆరు గీతలు కొట్టాడు. ఆరు పేజీల రాత పోతుంటే అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. పక్కన, "పొడి ఊదటం. చెప్పినవారు: పక్కింటి ఆచారిగారు" అని రాసి నాకు చదివి వినిపించాడు.

అప్పుడు నేను చెప్పాను. మేష్టారు ఈ ఊరు రాకముందు ఆ నాటకాల కంపెనీ దుర్గికి వచ్చింది. ముసురు పట్టి పందిరి కూలింది, ఆట లేదు. ఆ హార్మోనియం ఆయన తడవకుండా నా షెడ్డులో చేరి ముసురు వదిలిందాకా కూర్చున్నాడు. పోయేముందు ఒక్కటే అడిగాడు, "ఆగుతున్నారెందుకు?" అని. "ఊదటానికయ్యా. అదంతా నీ ముక్కులోకి పోతే పాడగలవా?" అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. కాబట్టి ప్లేటులో ఉన్నది నా ఉలి. ఈ ఊళ్లో చెక్కేవాళ్లు చానామంది ఉన్నారు, ఎవరి లెక్క వారిది. ఒకడు రెండు కొట్టి ఊదుతాడు, ఒకడు అయిదు. కంపెనీ మనిషి కూర్చున్నది నా దగ్గర. రాసుకో అన్నాను.

మేష్టారు "ఉలి ఎవరిది:" అని రాసి, ఖాళీ వదిలాడు.

"ఏందది? నేను చెప్పాగా."

"మీరు మూడే కొడతారు బాబాయ్. గోడ అవతలనుంచి రోజూ వింటూనే ఉన్నాను. పాటలో నాలుగు."

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చింది చెప్పాను. "నాలుగోది గోడకు తగిలి తిరిగొచ్చిన మోత" అన్నాను. ఆయన నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. మర్నాడు బడి వదిలాక వచ్చి షెడ్డు నాలుగు మూలలా నిలబడి విన్నాడు.

"మోత రాలేదు బాబాయ్."

"వానాకాలంలో వస్తది. గోడ తడవాల."

"అయితే వానాకాలం వస్తాను" అన్నాడు. వచ్చాడు కూడా. గొడుగు వేసుకుని, చూరు నీళ్లు కారుతుంటే, గోడకు చెవి ఆనించి గంటసేపు ఉన్నాడు. ఆ గంటలో నా మీద నాకే రోత పుట్టింది. దాన్ని ఆయన మీదకు తోశాను. "నన్ను అబద్ధాలకోరును చేస్తున్నావా?" అని అరిచాను. "నేనట్లా రాయలేదు బాబాయ్. ఖాళీ వదిలాను, అంతే" అన్నాడు. పలకడం మానేసింది ఆ నెలే.

మా ఇంటిది అప్పుడు ఒక మాట అంది. "ఆయనకు పాట పిచ్చి, నీకు పేరు పిచ్చి. చెప్పెయ్యరాదూ, ఏం పోద్ది?"

"పని పోద్ది" అన్నాను.

నెల గడిచాక పలకరించింది ఆయనే. ఒక సుద్దముక్క పట్టుకుని వచ్చి, "రాయి మీద అక్షరాలు వంకర పోతున్నాయి బాబాయ్, గీత గీసి ఇవ్వనా?" అన్నాడు. నాకు ఈ కాస్త అక్షరం వచ్చింది ఆ సుద్దముక్కతోనే. ఆయన గీసేవాడు, నేను చెక్కేవాణ్ణి. ఆ ఖాళీ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను మాత్రం మరిచిపోలేదు.

ఆ పాటగాడికి ఆయన ఎన్ని ఉత్తరాలు రాశాడో లెక్క లేదు. ప్లేటు అట్ట మీద ఉన్న మద్రాసు చిరునామాకే అన్నీ. ఒక్కదానికీ జవాబు రాలేదు. "ఏం మనిషయ్యా వాడు, ఒక కార్డు ముక్క రాయలేడా?" అని నేనంటే, "పాట పంపాడుగా బాబాయ్, జాబు కూడా పంపాలా?" అన్నాడు.

ఆయన పోయిన పదకొండో రోజున వాళ్లావిడ ఆఖరి పుస్తకం నాకు తెచ్చి ఇచ్చింది. "మీ సంగతి ఏదో ఉంది బాబాయిగారూ, మీరే చూడండి" అంది. కూడబలుక్కుంటూ చదివాను. మధ్యలో ఒక పేజీ మీద నా పేరు ఉంది. కింద ఇట్లా ఉంది:

"ఆచారిగారు కుడిచేయి భుజం దాటి ఎత్తరు. కండువా ఎడమ చేత్తో వేసుకుంటారు. మూడో దెబ్బ తర్వాత పళ్లు బిగిస్తారు. ఇది ఎప్పటినుంచి? కంపెనీ వచ్చిపోయాకనా? అడిగితే నొచ్చుకుంటారు. ఆయనే చెప్పాలి."

ఆ కింద ఒక గీతంత ఖాళీ.

అందుకని చెబుతున్నాను. మా నాన్న నాకు నేర్పిన లెక్క నాలుగు. నేను కొట్టింది నాలుగు. కంపెనీ వచ్చిపోయిన మరుసటి ఏడు బండి మీదనుంచి రాయి దించుతుంటే జారి నా కుడిభుజం మీద పడింది. కట్టు కట్టించుకున్నాను, అతికింది, కానీ అప్పటినుంచి నాలుగో దెబ్బకు చెయ్యి లేవదు. చెయ్యి పడిపోయినవాడికి దేవుడి విగ్రహం ఎవరు ఇస్తారు? అసలే ఇక్కడికి దగ్గర్లో డ్యాము పని మొదలై సుత్తి పట్టిన కుర్రవాళ్లంతా కూలికి అటు పోతున్న రోజులు. చెక్కించుకునేవాళ్లే తక్కువ. అందుకని మూడే మా ఇంటి పద్ధతి అని చెప్పుకున్నాను. నాలుగోది మొరటువాళ్ల దెబ్బ అని కూడా అన్నాను. మా నాన్న దెబ్బనే అన్నాను ఆ మాట. మా ఇంటిదానికి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. గోడ అవతల మనిషి ముందు చెవులతో, తర్వాత కళ్లతో పట్టుకున్నాడు. పట్టుకుని, నా నోటితో రావాలని ఖాళీ వదిలి ఊరుకున్నాడు. తొమ్మిదేళ్లు ఆయన మీద నేను పెట్టుకున్న కోపానికి అసలు సంగతి ఇది. ఇప్పుడు విగ్రహం పని నాకు ఇవ్వదలచుకోనివాళ్లు ఇవ్వవద్దు.

మేష్టారి సమాధికి రాయి నేనే చెక్కుతున్నాను. దేవుళ్లను చెక్కిన చేత్తో ఇదేందని మావాళ్లు అడిగారు. ఆ చెయ్యి ఎంతవరకు లేస్తుందో తెలిసినవాడికి చెక్కుతున్నాను అని చెప్పాను. పైన పేరు అయింది. వాళ్లావిడ చెప్పిన బైబిలు వాక్యం అయింది. కింద ఒక వరస ఖాళీగా ఉంది. అక్కడ అక్షరాలు వద్దు. నాలుగు ఉలిగాట్లు, కాస్త ఖాళీ, మళ్లీ నాలుగు గాట్లు, రాయి ఈ చివరనుంచి ఆ చివరిదాకా. ఆయన ప్లేటులో తొమ్మిదేళ్లు విన్నది అది.

కానీ ఆయన పద్ధతి నాకు అడ్డం వస్తోంది. నేను చెప్పేసినంత మాత్రాన ఆయన ఖాళీ నిండదు. నాది నాలుగు అని నాకు తెలుసు. పాటలోది నాదేనని చెప్పగలిగింది ఒక్కరే.

అయ్యా, పాటగాడుగారూ. ఈ పత్రిక మీకు చేరుతుందని మేష్టారు నమ్మేవాడు. ఆ ముసురులో దుర్గిలో రేకుల షెడ్డు కింద మీరు విన్నది ఎన్ని దెబ్బలు? ప్లేటులో పెట్టింది అవేనా? నాది కాకపోతే ఎవరిదో రాయండి, వాళ్ల లెక్కే చెక్కుతాను. నాకేమీ నామోషీ లేదు. పాట పంపానుగా అని ఊరుకుంటే కుదరదు. దాంతో సరిపెట్టుకున్నవాడు ఆయన. నేను మేష్టారిని కాను. నాకు జాబు కావాలి.

ఈస్టరు తెల్లవారుజామున వాళ్లవాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వస్తారు. ఆ వేళకు రాయి నిలబెట్టాలి. ముందురోజు శనివారం మధ్యాహ్నం మాచర్ల బస్సులో వచ్చే టపా దాకా చూస్తాను. రాయి మా రెండిళ్ల మధ్య గోడకు ఆనించి ఉంది. కింది వరసకు, ఆయన జేబులో మిగిలిన సుద్దముక్కతో, గీత ఒక్కటి గీసి ఉంచాను.